ఇద్దరు అచ్చమాంబలు, ఒక ఇంటిపేరు

మన ఇళ్లలో ఎవరైనా వంశవృక్షం గీయడానికి కూర్చుంటే మొదటి గంట పని చురుగ్గానే సాగుతుంది. తాత, ముత్తాత, ఆయన అన్నదమ్ములు, వాళ్ల కొడుకులు. ఇంటిపేరు ఒకటే కాబట్టి గీతలు వాటంతటవే కిందికి దిగుతుంటాయి. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. ముత్తవ్వ పేరు సుబ్బమ్మో వెంకమ్మో, అది గుర్తుంటుంది. ఎవరింటి పిల్ల అని అడిగితే మాత్రం "కృష్ణ అవతల ఏదో ఊరంట" దగ్గరే మాట తెగిపోతుంది. ఆ గడి ఖాళీ.

ఈ ఖాళీ గడి ఒకప్పుడు ఒక ఇంటి సమస్య. ఇప్పుడు నలుగురి సమస్య అయింది. జెని, వికీట్రీ లాంటి చోట్ల అందరూ కలిసి ఒకే చెట్టు కడుతున్నారు. హైదరాబాదులో ఉన్న మనవరాలు, డల్లాస్‌లో ఉన్న ఆమె పెదనాన్న కొడుకు, తెనాలిలో ఉన్న మేనత్త ముగ్గురూ ఒకే మనిషి పేజీని దిద్దొచ్చు. వికీట్రీలో అయితే మనిషి గుర్తింపు సంఖ్యే పుట్టినప్పటి ఇంటిపేరు మీద కడతారు. అంటే పెళ్లయిన ఆడమనిషిని అత్తింటి పేరుతో కాదు, పుట్టింటి పేరుతో నమోదు చెయ్యాలి. మన శిలాఫలకాలు, శుభలేఖలు, కర్మకాండ కార్డులు నేర్పిన అలవాటుకి ఇది పూర్తిగా ఎదురు. ఆ గడిలో ఏం రాయాలన్నది ఎంత చిక్కో చెప్పడానికి మన సాహిత్య చరిత్రలోనే మంచి ఉదాహరణ ఒకటి ఉంది.

*

భండారు అచ్చమాంబ మనకు బాగా తెలిసిన పేరు. 1874లో కృష్ణా జిల్లాలో పుట్టారు. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అచ్చయింది. స్త్రీల జీవితచరిత్రలు వరసగా సేకరించి తెలుగులో ఒక స్త్రీ రాసిన తొలి పుస్తకాల్లో అది ముఖ్యమైనది. 1902లో 'ధనత్రయోదశి' కథ రాశారు. గురజాడ 'దిద్దుబాటు' 1910 నాటిది కాబట్టి, తెలుగులో తొలి కథ ఎవరిదన్న చర్చ ఎప్పుడు లేచినా ఈ కథ అక్కడ ఉంటుంది. 1905లో, ముప్ఫై ఒకటో ఏటనే ఆమె పోయారు.

భండారు ఆమె భర్త మాధవరావు గారి ఇంటిపేరు. పుట్టింటి పేరు కొమర్రాజు. విజ్ఞాన చంద్రికా మండలి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అనగానే గుర్తొచ్చే కొమర్రాజు లక్ష్మణరావు ఆమె తమ్ముడు. చిన్నప్పుడే తండ్రి పోతే, చదువుకోసం నాగపూరు వెళ్లిన తమ్ముడు అక్కాబావల దగ్గరే ఉన్నాడు. తమ్ముడి చదువు అక్కకి కూడా చదువైంది. అంటే ఆమె పుస్తకం వెనకున్న కథ అర్థం కావాలంటే ఆమె పుట్టింటి పేరు తెలిసి ఉండాలి. లైబ్రరీ కేటలాగులో 'భ' దగ్గర అక్క, 'కొ' దగ్గర తమ్ముడు. వాళ్లిద్దరూ ఒకే ఇంటి పిల్లలని ఆ రెండు అక్షరాలు చెప్పవు.

సరే, ఉమ్మడి చెట్టులో నియమం ప్రకారం ఆమెను పుట్టింటి పేరుతోనే రాద్దాం అనుకోండి. అప్పుడు ఆమె కొమర్రాజు అచ్చమాంబ అవుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. కొమర్రాజు అచ్చమాంబ అని ఇంకొకరు ఉన్నారు! లక్ష్మణరావు గారి కూతురు. 1906లో పుట్టి, డాక్టరై, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికై, 1964లో పోయారు. పెళ్లయినా ఆమె లోకానికి కొమర్రాజు అచ్చమాంబగానే తెలుసు. మేనత్త పోయిన మరుసటి సంవత్సరం ఆ ఇంట్లో పుట్టిన పాపకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు.

ఇప్పుడు కంప్యూటరు కళ్లతో చూడండి. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే కుటుంబం, ఒకే జిల్లా. పుట్టిన తేదీలు ఎవరూ ఇవ్వకపోతే 'ఈ రెండు పేజీలూ ఒకే మనిషివి కావచ్చు, కలిపేయమంటారా' అని అడుగుతుంది. ఎవరో ఒకరు 'కలిపెయ్' నొక్కుతారు. అంతే! 1905లో పోయిన కథకురాలు 1957లో పార్లమెంటుకి వెళుతుంది. లేదా పార్లమెంటు సభ్యురాలు తన తండ్రికే అక్క అయిపోతుంది. నవ్వొచ్చినా, ఇలాంటివి ఉమ్మడి చెట్లలో రోజూ జరిగే పనులే. కలపడానికి ఒక్క నొక్కు చాలు. విడదీయడానికి వారాలు పడుతుంది. ఈలోగా తప్పు పేజీని ఇంకో పదిమంది తమ చెట్లలోకి ఎత్తుకుపోయి ఉంటారు. ఆ పది కాపీలనీ చూసి పదకొండోవాడు "ఇన్నిచోట్ల ఉందంటే నిజమే అయ్యుంటుంది" అనుకుంటాడు. పది చోట్ల ఉన్నది పది సాక్ష్యాలు కాదు. ఒకరి ఊహకి పది నకళ్లు.

ఇద్దరు అచ్చమాంబల విషయంలో మనల్ని కాపాడేవి తేదీలు, ముద్రిత పుస్తకాలు, పార్లమెంటు రికార్డులు. ప్రసిద్ధులు కాబట్టి అవన్నీ ఉన్నాయి. ప్రసిద్ధురాలు కాని ముత్తవ్వకి ఏం ఉన్నాయి?

*

మొదట, మన కాయితాలు ఆడవాళ్లని ఎలా రాశాయో చూడాలి. 1951-52 తొలి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితా కడుతున్నప్పుడు చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. 'ఫలానావాడి భార్యని', 'ఫలానావాడి తల్లిని' అని మాత్రమే రాయించారు. అలా పేరు లేని నమోదులు చెల్లవని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. దాదాపు 8 కోట్ల మంది మహిళా ఓటర్లలో సుమారు 28 లక్షల మంది జాబితా నుంచి పోయారు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాల వాళ్లు. మన వైపు స్త్రీలు పేరు చెప్పారు. కానీ పేరు పక్కన ఉన్నది 'భర్త పేరు' అన్న గడి. పుట్టిల్లు అక్కడా లేదు.

పేరున్న వాళ్లకీ ఈ చిక్కు తప్పలేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ రాజ్యాంగ సభలో ఏం మాట్లాడారో చదవాలని సూచికలో దేశ్‌ముఖ్ కోసం వెతికితే దొరకదు. అక్కడ ఆమె జి. దుర్గాబాయి. చింతామణ్ దేశ్‌ముఖ్‌తో పెళ్లయింది 1953లో. మనిషి ఒకరే, వెతకాల్సిన అక్షరం కాలాన్ని బట్టి మారుతుంది.

దీనికి తోడు మన ఇళ్లలో ఇంకో ఆచారం. కొత్త కోడలి పేరు, అత్తగారి పేరు ఒకటే అయితే కోడలి పేరు మార్చేసేవాళ్లు. మనవరాలికి నానమ్మ పేరు పెడితే, కోడలు అత్తగారి పేరు నోటితో అనకూడదు కాబట్టి ఆ పిల్లని 'బుల్లెమ్మ' అనో 'పాపమ్మ' అనో పిలిచేవాళ్లు. తర్వాత ఆ పిలుపే కాయితాల్లోకి ఎక్కేది. కాబట్టి పుట్టింటి వైపు చెట్టులో ఉన్న లక్ష్మీనరసమ్మ, అత్తింటి వైపు చెట్టులో ఉన్న బుల్లెమ్మ ఒకే మనిషి కావచ్చు. అచ్చమాంబల కథకి ఇది తలకిందులు. అక్కడ ఇద్దరు ఒకటైపోయే ప్రమాదం, ఇక్కడ ఒకరు ఇద్దరైపోయే ప్రమాదం.

*

అయినా ముత్తవ్వ పుట్టిల్లు ఆనవాళ్లు లేకుండా పోలేదు. చరిత్రకారులు వెతకని చోట్ల ఉన్నాయి.

మొదటి ఆనవాలు పెద్ద బిడ్డ పుట్టిన ఊరు. తొలి కాన్పుకి ఆడపిల్లని పుట్టింటికి తీసుకెళ్లడం మనకు ఉన్న గట్టి ఆచారం. తాతగారి అన్నయ్య జాతకంలోనో, స్కూలు రిజిస్టర్లోనో పుట్టిన ఊరు వాళ్ల సొంత ఊరు కాకుండా ఇంకేదో ఉందంటే, అది చాలావరకు తల్లి పుట్టిల్లు. మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకి 1899లోనే చట్టం ఉంది. కాబట్టి కోస్తా, రాయలసీమ ఊళ్లలో అదృష్టం బాగుంటే రికార్డు కూడా దొరకొచ్చు. ఐదుగురు పిల్లలుంటే ఐదోవాడి ఊరు చూసి లాభం లేదు. మొదటివాడి ఊరే చూడాలి.

రెండోది సారె సామాను. అటక మీది ఇత్తడి బిందె, గంగాళం, మరచెంబు కిందికి దింపి అంచు తుడిచి చూడండి. పొడి అక్షరాలు చెక్కి ఉంటాయి. ఆ అక్షరాలు మీ ఇంటిపేరుతో మొదలుకాకపోతే సంతోషించండి. పెళ్లికి పెట్టినవాళ్లు తమ పేరు చెక్కించి ఉండొచ్చు. ఒక అక్షరంతో ఇంటిపేరు తేలదు, నిజమే. కానీ నాలుగు ఊహల్లో మూడింటిని కొట్టెయ్యడానికి ఆ అక్షరం చాలు.

మూడోది తద్దినం పెట్టే ఇళ్లలో తర్పణం. కొడుకు తండ్రి, తాత, ముత్తాతలకే కాదు, మాతామహుడికీ, ఆయన తండ్రికీ, తాతకీ నువ్వులు నీళ్లు వదులుతాడు. అంటే తల్లి పుట్టింటి మూడు తరాల పేర్లు, గోత్రంతో సహా, ఆ మంత్రంలో ఉంటాయి. పెళ్లిలో కన్యాదానం సంకల్పంలో కూడా పురోహితుడు వధువుని ఫలానావారి మునిమనవరాలు, ఫలానావారి మనవరాలు, ఫలానావారి కూతురు అని గోత్రంతో చెబుతాడు. ఇంటిపేరు అక్కడ రాదు. అయినా గోత్రం, మూడు పేర్లు కలిస్తే ఇంటిపేరు దగ్గరికి దారి ఉన్నట్టే. పెద్దాయన పాత డైరీలో తర్పణం పేర్లు రాసుకున్న పేజీ ఉంటే, అది ఆ ఇంటి చరిత్రలో అన్నిటికంటే విలువైన పేజీ.

నాలుగోది భూమి. పసుపు కుంకుమ కింద ఆడపిల్లకి రాసిచ్చిన ఎకరమో అరెకరమో రిజిస్టరై ఉంటే, ఆ దస్తావేజులో ఇచ్చినవాళ్ల ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. ఇంకో కాయితం కూడా ఉంది, కాస్త చేదుది. కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం సవరించింది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో. హక్కు వచ్చాక, దాన్ని అన్నదమ్ములకి వదిలేస్తున్నామని ఎందరో ఆడపడుచులు సంతకాలు పెట్టారు. హక్కు విడుదల దస్తావేజు అంటారు దాన్ని. ఒక స్త్రీ ఎవరి కూతురో, ఎవరి అక్కో, ఎక్కడ కాపురం ఉంటోందో ఇంత స్పష్టంగా రాసిన కాయితం ఇంకోటి ఉండదు. పుట్టింటితో ఆమె బంధం పక్కాగా నమోదైంది ఆ ఆస్తి వదులుకున్న రోజున.

సముద్రం దాటినవాళ్ల విషయంలో ఇంకో విచిత్రం. 1860 నుంచి 1911 వరకు నేటాల్‌కి లక్షన్నర మందికి పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా వెళ్లారు. 1879 నుంచి 1916 వరకు ఫిజీకి 60 వేల మందికి పైగా. వాళ్లలో విశాఖపట్నం, గోదావరి వైపు నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది. మనుషుల్ని సరుకులా లెక్కగట్టిన ఆ రిజిస్టర్లు ఆడవాళ్లనీ విడివిడిగా రాశాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చ కూడా. ఇంటిపేరు మాత్రం రాయలేదు. అక్కడ స్థిరపడ్డాక మొదటి తాత పేరే వంశానికి ఇంటిపేరైపోయింది. లేదా కులం చివర తగిలించుకునే నాయుడు ఇంటిపేరైంది. ఈరోజు డర్బన్‌లో ఉన్న మునిమనవరాలికి తన ముత్తవ్వ తండ్రి పేరూ ఊరూ తెలుసు, ఇంటిపేరు తెలియదు. ఆ ఊళ్లోనే ఉండిపోయిన వాళ్లకి ఇంటిపేరు తెలుసు, పడవెక్కిన ఆడపిల్ల సంగతి తెలియదు. ఒకరి దగ్గర తాళం, ఇంకొకరి దగ్గర తాళంచెవి. కలిసి వెతకడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

*

ఆనవాళ్లు దొరికాక వాటిని చదవడం ఇంకో విద్య. ముఖ్యంగా మేనరికాలున్న ఇళ్లలో.

మనవైపు 'అత్త', 'మామ' అన్న మాటలు రెండు పనులు చేస్తాయి. తండ్రి అక్కాచెల్లెళ్లూ అత్తలే, భార్య తల్లీ అత్తే. కాబట్టి "తాతయ్య ఆవిడని అత్తా అనేవాడు" అన్న జ్ఞాపకం ఏదీ రుజువు చెయ్యదు. "మేనత్త" అని చెబితేనే ఇంటిపేరు దాకా వెళ్లొచ్చు.

లెక్క ఇలా ఉంటుంది. ఒకాయన తన మేనమామ కూతుర్ని చేసుకుంటే, ఆయన భార్య పుట్టింటి పేరు, ఆయన తల్లి పుట్టింటి పేరు ఒకటే. ఒక తరం దొరికితే రెండు తరాలు దొరికినట్టు. మేనత్త కూతుర్ని చేసుకుంటే, భార్య పుట్టింటి పేరు ఆ మేనత్త అత్తింటి పేరు. అక్క కూతుర్ని చేసుకుంటే కథ ఇంకా మలుపు తిరుగుతుంది. భార్య పుట్టింటి పేరు బావగారి ఇంటిపేరు. కానీ ఆ భార్య తల్లి ఈ ఇంటి ఆడపిల్లే. ఇలాంటి చోట ముసలావిడ ఎవరైనా "ఆవిడ మన ఇంటి పిల్లేనర్రా" అంటే తొందరపడి మన ఇంటిపేరు ఆ గడిలో రాసెయ్యకూడదు. ఆవిడ చెబుతున్నది తల్లి సంగతి అయ్యుండొచ్చు. పెళ్లికి ముందు, తర్వాత ఒకే ఇంటిపేరు కనిపించిందంటే అక్కడ ఆగి చూడాలి. గోత్రాలు వేరైతే అలాంటి పెళ్లి ఉండొచ్చు. ఒకటే అయితే మాత్రం ఎక్కడో ఒక తరం జారిపోయిందన్నమాట.

వంశచరిత్రని వృత్తిగా చేసేవాళ్లు పాటించే పద్ధతి ఒకటుంది. సాధ్యమైనంత వరకు వెతకాలి, ఏది ఎక్కడ దొరికిందో రాయాలి, దొరికినవాటిని ఒకదానితో ఒకటి పోల్చాలి, పొసగనివి ఉంటే ఎందుకు పొసగలేదో తేల్చాలి, చివరికి మన నిర్ణయాన్ని కారణాలతో కాయితం మీద పెట్టాలి. మన ఇళ్లలో మొదటి నాలుగూ ఎలాగోలా జరుగుతాయి. అయిదోది జరగదు. "అదే ఇంటిపేరు, నాకు తెలుసు" అని ఫోన్లో చెప్పిన బాబాయి మాటే తీర్పు అవుతుంది. బాబాయి చెప్పింది నిజమే కావచ్చు. ఆయనకి ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో ఒక్క వాక్యం పేజీలో రాసిపెడితే ఇంకో పాతికేళ్ల తర్వాత వచ్చేవాళ్లకి అది సాక్ష్యంగా పనికొస్తుంది. రాయకపోతే అది వట్టి పుకారు.

ఏదీ తేలనప్పుడు? 'తెలియదు' అని రాయడమే. ఖాళీ గడి చూసి ఎవరో ఒకరు వెతుకుతారు. ఊహతో నింపిన గడిని ఎవరూ వెతకరు. పని అయిపోయిందనుకుంటారు. చాలామంది భర్త ఇంటిపేరునే పుట్టింటి గడిలో పెట్టి వదిలేస్తారు. అన్నిటికంటే నష్టం చేసేది అదే. ఎందుకంటే అక్కడితో ఆమె తల్లిదండ్రులు, అన్నదమ్ములు, ఆమె పెరిగిన ఊరు, ఆమెకి ముందున్న తరాలన్నీ మాయమవుతాయి.

*

ఇంత తాపత్రయం ఎందుకు, ఒక పేరు కోసం? అనొచ్చు. రెండు కారణాలు చెబుతాను.

ఒకటి, చట్టం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో 15వ సెక్షన్ చదవండి. పిల్లలు లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమెకి తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి భర్త వైపుకి వెళ్లదు, ఆమె తండ్రి వారసులకి వెళుతుంది. అప్పుడు కోర్టులో తేలాల్సిన ప్రశ్న, ఆమె ఎవరింటి ఆడపిల్ల అన్నదే. అత్తింటి పేరు తప్ప ఇంకేమీ మిగలని స్త్రీ విషయంలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి.

రెండోది అచ్చమాంబ దగ్గరే ఉంది. ఆమెకి పిల్లలు దక్కలేదు. వంశవృక్షం మీద అలాంటివాళ్లు చిన్న కొమ్మ, కిందికి గీత లేని కొమ్మ. వాళ్ల కోసం వెతికే మనవలు ఉండరు. కానీ పుట్టింటి పేరు కలిపి చూస్తే ఆమె ఒంటరి కాదు. తమ్ముడు, తమ్ముడి విజ్ఞాన చంద్రిక, ఆమె పేరే మోసిన మేనకోడలు, ఆ మేనకోడలు నడిచిన పార్లమెంటు మెట్లు, అన్నీ ఆమె పక్కన కనిపిస్తాయి. స్త్రీల చరిత్రలు ఏరి పుస్తకం చేసిన మనిషికి కనీసం ఇంత చరిత్ర దక్కాలి.

మన పెళ్లిళ్లలో మంగళసూత్రానికి రెండు పుస్తెలు గుచ్చుతారు. ఒకటి పుట్టింటివాళ్లు చేయించింది, ఒకటి అత్తింటివాళ్లు చేయించింది. మెడలో రెండిళ్లూ ఉన్నాయి, కాయితం మీద మాత్రం ఒకటే మిగిలింది. దాన్ని సరిచేసే పనిలో తొందరపడాల్సింది ఒక్కచోటే. ఎనభై దాటిన పెద్దమ్మలు, పిన్నమ్మలు, నానమ్మలు ఇంకా ఉన్నారు. ఈ ఆదివారం ఫోన్ చేసి బాగోగులు అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగండి. "మీ అమ్మ ఎవరింటి ఆడపిల్ల?" చెప్పిన మాటని చెప్పినట్టే, తేదీ వేసి రాసుకోండి. ఆ తర్వాత, "మరి వాళ్లమ్మ?"